అరవడం మానేసిన అలారం

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని మనవాళ్ళు సామెత చెప్పుకుంటారు. కార్లకి మొదట్లో తగిలించిన అలారాల మీద మాత్రం ఆ నింద వెయ్యడానికి వీల్లేదు. అవి ఆర్నెల్లు ఆగేవి కావు సరిగదా, దొంగ ఆ వీధి మొగలో అడుగుపెట్టకముందే మొరిగేవి. పిల్లి దూకితే మొరిగేవి. పక్కనించి లారీ పోతే మొరిగేవి. వురుము వురిమితే మొరిగేవి. సొంతదారు తాళంచెవి పుచ్చుకుని వస్తే ఆ మహానుభావుడి మీదా మొరిగేవి. కుక్క నయం, అన్నం పెట్టినవాణ్ణి ఎరుగును.

అమెరికాలో 1980ల్లో ఈ మొరుగుడు వ్యాపారం జోరుగా సాగింది. దాని వెనక వున్న ఆలోచన సులువైనదే. ఎవడైనా తలుపు పీకినా, అద్దం పగలగొట్టినా, బండిని కుదిపినా సైరను కూస్తుంది. దొంగ బెదిరి పారిపోతాడు. వీధిలోవాళ్ళు కర్రలు పుచ్చుకుని పరుగెత్తుకొస్తారు. కాగితం మీద అంతా బాగానే వుంది. కానీ న్యూయార్కు లాంటి వూళ్ళో అంతస్తుల మేడల కింద, కిటికీల పక్కనే కార్లు బారులు తీరి వుంటాయి. రాత్రి రెండుగంటల వేళ వాటిలో ఒకటి కూత లంకించుకుంటే, కర్ర పుచ్చుకుని మెట్లు దిగేవాడు కూడా దొంగకోసం దిగడు, కారుకోసం దిగుతాడు. "నాన్నా పులి" కథలో కుర్రాడి గతే అలారానికీ పట్టింది. నిజంగా పులి వచ్చిన రోజున కూడా జనం దుప్పటి ముసుగెట్టి పడుకున్నారు. చివరికి ఆ నగరంవాళ్ళు, కారు అలారం మూడు నిమిషాల్లో దానంతటది నోరు మూసుకోవాలని చట్టం చేసుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో డారెల్ ఇస్సా అనే ఆయన డైరెక్టెడ్ ఎలక్ట్రానిక్స్ అన్న కంపెనీ పెట్టి, "వైపర్" అనే అలారం అమ్మారు. వైపర్ అంటే విషప్పాము. కారు దగ్గరికి ఎవరైనా మరీ చేరితే, బండికి దూరంగా జరగండి అని లోపలినించి ఒక మగగొంతు హెచ్చరించేది. ఆ గొంతు సాక్షాత్తూ ఇస్సాగారిదే. తర్వాత ఆయన ఎన్నికల్లో నిలబడి, 2001లో అమెరికా ప్రతినిధుల సభకి వెళ్ళారు. ప్రజాప్రతినిధులు జనాన్ని దూరంగా జరగమనడం మనకి కొత్తేమీ కాదు గాని, ముందు జనాన్ని దూరంగా జరగమని, తర్వాత వోట్ల కోసం దగ్గరికి రమ్మని పిలిచి నెగ్గినవాళ్ళు అరుదు!

సరే, అదలా వుంచండి. సైరనులో వున్న అసలు లోపం ఏమిటంటే, అది అందరికీ చెప్తుంది, ఫలానావారికని చెప్పదు. పదిమందికి చెప్పిన పని ఎవరూ చెయ్యరన్న సంగతి పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకి తెలుసు. పైగా దాని కేక వీధి చివరిదాకానే. దొంగ తీగ తెంపి బండి తోలుకుపోయాక, పొరుగూరు చేరిన కారుకి మనకి కబురు పంపే దారి లేదు. అంచేత అలారానికి నేర్పవలసినవి రెండు విద్యలు. ఒకటి, తను ఎక్కడున్నదో తనకి తెలియడం. రెండు, ఆ మాట గట్టిగా అరవకుండా ఒకరి చెవిలో వెయ్యడం. ఈ రెండు విద్యలూ వేరువేరు చోట్ల, వేరువేరు పనులకోసం పుట్టి, చివరికి కారు డాష్‌బోర్డు వెనక కలుసుకున్నాయి. అయితే ఎవరి చెవిలో అన్న ప్రశ్న మాత్రం తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

మొదటగా గుసగుస నేర్పినవాడు ఒక పోలీసు పెద్ద. మసాచుసెట్స్ రాష్ట్రంలో మెడ్‌ఫీల్డ్ అనే చిన్నవూళ్ళో పోలీసు కమిషనరుగా చేసిన విలియం రీగన్. (అధ్యక్షుడు రీగన్ వేరు, ఈయన వేరు.) ఆ రాష్ట్రం అప్పట్లో కారు దొంగతనాలకి పెట్టింది పేరు. పోయిన బండి మనల్ని పిలిస్తే బావుండునన్న ఆలోచన ఆయనకి వచ్చింది. 1979లో పేటెంటు తీసుకున్నాడు. 1986లో ఆ పరికరం మసాచుసెట్స్‌లో బజారుకొచ్చింది. పేరు లోజాక్. "హైజాక్"కి ఎదురు అన్నమాట. "హై" వున్నచోట "లో" వుండద్దూ మరి!

లోజాక్ పనితనం చూడండి. చిన్న రేడియో పెట్టె ఒకటి కారులో ఎక్కడో దాస్తారు. ఎక్కడ దాచిందీ కారు సొంతదారుకి కూడా చెప్పరు. మామూలు రోజుల్లో ఆ పెట్టె కుంభకర్ణుడిలా నిద్రపోతూ వుంటుంది. కారు పోయిందని ఫిర్యాదు రాగానే పోలీసుల కంప్యూటరులోకి ఆ బండి నెంబరు ఎక్కుతుంది. రేడియో స్తంభాలనించి దానికి మాత్రమే అర్థమయ్యే మేలుకొలుపు వెడుతుంది. లేచి, మనుషుల చెవికి అందని రేడియో కూత మొదలెడుతుంది. పోలీసు బండిలో వున్న యంత్రం ఆ కూత ఏ దిక్కునించి వస్తోందో, ఎంత బలంగా వస్తోందో చూపిస్తుంది. ఆ దిక్కు పట్టుకుని పోవడమే. దొంగకి మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు వుండదు. నిక్షేపంగా షెడ్డులో పెట్టి, తలుపులూ చక్రాలూ వూడదీసి అమ్ముకునే ఏర్పాట్లలో వుండగా గుమ్మం దగ్గర పోలీసులు. ఒక్క కారుకోసం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి పది కార్ల ఎముకలు కనపడేవి.

దీనిమీద 1998లో ఇయాన్ ఏర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. నా మటుకు ఈ చరిత్ర మొత్తంలో అదే రసవత్తరమైన ఘట్టం. పోయిన కార్లలో లోజాక్ లేనివి నూటికి 60 దొరికేవి, వున్నవి 95 దొరికేవి. ఇది ఎవరైనా వూహించేదే. వాళ్ళు పట్టుకున్నది ఇంకోటి. స్టీరింగుకి అడ్డంగా ఇనపకడ్డీ బిగించుకున్నారనుకోండి. దొంగ దాన్ని చూస్తాడు, నవ్వుకుంటాడు, పక్కకారు దగ్గరికి పోతాడు. దొంగతనం తగ్గలేదు, మీ గుమ్మం దిగి పొరుగు గుమ్మం ఎక్కింది, అంతే. లోజాక్ సంగతి అలా కాదు. దాన్ని పెట్టించుకున్న కారుకి గుర్తు లేదు, చీటీ లేదు. ఏ కారులో వుందో దొంగకి తెలీదు గనక ప్రతి కారూ అనుమానమే. కాజేసిన బండిని తిన్నగా షెడ్డుకి తీసుకుపోకుండా, ఏ వీధిలోనో నాలుగురోజులు వదిలేసి, పోలీసులు వస్తారేమోనని దూరంనించి కాపలా కాయడం మొదలెట్టారు దొంగలు. కారు యజమాని కాయవలసిన కాపలా దొంగ నెత్తిన పడింది! లోజాక్ వచ్చిన పట్టణాల్లో కారు దొంగతనాలు మొత్తంగా తగ్గాయి. దొంగతనాలు ఎక్కువగా వుండే చోట, ఒక్కో పెట్టెకి అయ్యే ఖర్చుకి 15 రెట్లు సమాజానికి లాభమని వాళ్ళ లెక్క. అందులో డబ్బుపెట్టి బిగించుకున్నవాడికి దక్కేది పదోవంతు కూడా లేదు. తక్కినదంతా వూరికి. బావి తవ్వించినవాడికి చెంబెడు నీళ్ళు, వూరికి కడవలు. పాపం ఆ కార్లవాళ్ళకి తాము చేస్తున్నది ధర్మకార్యమని తెలీనే తెలీదు.

ఇంత చేసినా లోజాక్‌కి ఒక చిక్కు వుంది. తను ఎక్కడున్నదో దానికే తెలీదు. "ఇదిగో, ఇదిగో" అని కూయగలదు, అంతే. ఆ కూత అందేంత దూరంలో, వినగల యంత్రం వున్న పోలీసు బండి వుండాలి. రాష్ట్రం దాటితే అక్కడి పోలీసులతో మళ్ళీ ఒప్పందం వుండాలి. తన చోటు తనే లెక్కగట్టి చెప్పగల విద్య కావాలంటే కార్లూ రోడ్లూ వదిలి, 1957నాటి ఆకాశంలోకి చూడాలి.

ఆ ఏడు అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుత్నిక్‌ని ఎగరేసింది. ప్రపంచం అంతా ముక్కున వేలేసుకుని పైకి చూస్తుంటే, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో విలియం గయర్, జార్జి వైఫెన్‌బాక్ అనే ఇద్దరు కుర్ర శాస్త్రజ్ఞులు రేడియో పెట్టుకుని దాని "బీప్ బీప్" వినడం మొదలెట్టారు. స్టేషనులో నిలబడితే, మనవైపు వచ్చే రైలు కూత సన్నగా కీచుమని వినపడి, మనల్ని దాటగానే బొంగురుపోతుంది చూశారూ, స్పుత్నిక్ కూతలోనూ ఆ తేడా వుంది. ఆ తేడా పట్టుకుని లెక్కలు కట్టి, అది ఆకాశంలో ఏ దారిన పోతోందో తేల్చేశారు వాళ్ళిద్దరూ. 1958లో వాళ్ళ పెద్ద ఫ్రాంక్ మెక్‌క్లూర్ పిలిచి ఒక తిరకాసు ప్రశ్న వేశాడు. "మనమెక్కడున్నామో తెలుసు గనక అదెక్కడుందో చెప్పారు. అదెక్కడుందో తెలిస్తే మనమెక్కడున్నామో చెప్పగలరా?" అన్నది దాని సారాంశం. సముద్రం అడుగున తిరిగే పొలారిస్ జలాంతర్గాములకి తాము ఎక్కడున్నదీ కచ్చితంగా తెలియాలి, లేకపోతే వాటి క్షిపణులు గురితప్పుతాయి. అదీ మెక్‌క్లూర్ మనసులో వున్నది. అలా 1960లో "ట్రాన్సిట్" ఉపగ్రహం పైకి వెళ్ళింది. రష్యావాడి కూత వింటూ కూర్చున్న కుర్రాళ్ళ సరదా, అమెరికా నౌకాదళానికి దారి చూపించింది.

దాని తర్వాతి తరమే జి.పి.ఎస్. 1973లో పథకం తయారైంది, 1978 ఫిబ్రవరిలో మొదటి ఉపగ్రహం ఎగిరింది. ఇదీ సైన్యం కోసమే. 1983 సెప్టెంబరు 1న కొరియా విమానం ఒకటి దారితప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. వాళ్ళు కూల్చేశారు. 269మంది పోయారు. తన చోటు తనకి తెలియకపోవడం ఎంత పని చేస్తుందో లోకానికి అప్పుడు తెలిసొచ్చింది. జి.పి.ఎస్. పూర్తికాగానే పౌరులందరికీ వుచితంగా ఇస్తామని ఆ నెలలోనే అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చారు గాని, పాలల్లో నీళ్ళు కలిపి ఇచ్చారు. మామూలు జనానికి వచ్చే సంకేతంలో కావాలని తప్పు కలిపేవారు, సుమారు వంద మీటర్ల దాకా తేడా వచ్చేలా. సముద్రంలో పడవకి వంద మీటర్లు ఒక లెక్క కాదు. వూళ్ళో పోయిన కారు వెతికేవాడికి వంద మీటర్లంటే రెండు వీధుల అవతల. 2000 మే నెల మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞతో ఆ కల్తీ ఆపేశారు. రాత్రికి రాత్రి ప్రపంచంలోని జి.పి.ఎస్. పెట్టెలన్నీ, వాటిలో ఒక్క మరకూడా తిప్పకుండా, పదిరెట్లు తెలివిమీరాయి. కారు అలారాల్లో ఈ విద్య ఇంటింటి సరుకైంది ఆ తర్వాతనే.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ వుంది. ఉపగ్రహం పైనించి మన కారుని చూస్తూ వుంటుందని అనుకుంటారు. లేదండీ. మీ కారు వున్నట్టు కూడా దానికి తెలీదు. ఇరవైవేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా, ఇప్పుడు టైము ఇంత" అని చాటుకుంటూ పోవడమే దాని పని. పూర్వం కోట బురుజు మీద గంట కొట్టేవాడిలాగ. కింద వున్న పెట్టె నాలుగు గంటలు విని, ఒక్కొక్కటి ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, నేనిక్కడున్నానని తనే లెక్కగట్టుకుంటుంది. చోటు తేల్చడానికి మూడు చాలు. నాలుగోది ఎందుకంటే పెట్టెలో వున్న చవక గడియారం తప్పుని సరిదిద్దడానికి. వెలుగు సెకనులో వందకోట్లవ వంతులో ఒక అడుగు దూరం పోతుంది. గడియారం ఆ మాత్రం తడబడితే చోటు ఒక అడుగు తప్పుతుంది. అంచేత ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెట్టారు. వాటికి ఐన్‌స్టీన్ మహాశయుడి లెక్క కూడా కలపాలి. ఆ ఎత్తులో, ఆ వేగంలో గడియారం మన గడియారం కంటే రోజుకి సెకనులో పదిలక్షలో వంతులు ఒక 38 ముందుకి పోతుంది. దాన్ని సర్దకపోతే ఒక్కరోజులో పది కిలోమీటర్ల పైన తేడా వస్తుంది. విజయవాడలో పోయిన కారు మంగళగిరిలో వున్నట్టు చూపిస్తుంది!

ఈ గడియారాల బాధ మనవాళ్ళకీ తెలుసు. మన సొంత "నావిక్" ఉపగ్రహాల్లో మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోటనించి ఎగిరింది. కొన్నేళ్ళకే దాని పరమాణు గడియారాలు మూడూ ఆగిపోయాయి. ఉపగ్రహం నిక్షేపంగా వుంది, టైము చెప్పలేదు, ఇంక దేనికి? దాని బదులుగా 2017 ఆగస్టులో పంపినది, పైకప్పు విడిపోక డబ్బాలోనే చిక్కుపడి పోయింది. 2023 మేలో మనదేశంలో తయారైన గడియారాన్ని పెట్టి ఒకటి పంపారు, అది కుదిరింది. 2025 జనవరి 29న ఎగిరింది శ్రీహరికోటకి నూరో ప్రయోగం. రాకెట్టు తన పని తాను చేసింది గాని, ఉపగ్రహంలో ఒక వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకి చేరలేదు. ఇంత అవస్థా ఎందుకు పడాలి, అమెరికావాడిది వుచితమే కదా అంటారా? పాలల్లో నీళ్ళు కలిపిన చెయ్యి మళ్ళీ కలపదని ఎవరు చెప్పొచ్చారు?

సరే, కారుకి తన చోటు తెలిసింది. కానీ తెలిసి ఏం లాభం, చెప్పే నోరు లేకపోతే? ఉపగ్రహానికి తిరిగి జవాబు చెప్పే శక్తి ఆ పెట్టెకి లేదు. ఆ నోరు సెల్‌ఫోను ఇచ్చింది. 1996లో జనరల్ మోటార్స్ కంపెనీ తన కాడిలాక్ కార్లలో ఫోనునీ జి.పి.ఎస్.నీ జతచేసి "ఆన్‌స్టార్" అనే సేవ మొదలెట్టింది. కారు పోతే కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే చాలు, ఎక్కడుందో వాళ్ళు చూసి పోలీసులకి చెప్తారు. 2009 కార్లనించి ఇంకో అడుగు వేశారు. పోలీసులు వెంట వుండగా, దొంగ తోలుతున్న బండిని దూరంనించే మెల్లగా నెమ్మదింపజెయ్యడం! దొంగ పెడల్ ఎంత తొక్కినా కారు కదలదు. దొంగకి తేలు కుట్టినట్టే, పైకి చెప్పుకోలేడు.

అయితే ఈ నోరు అరువు నోరు. ఫోన్ కంపెనీ ఇచ్చినన్నాళ్ళే మాట్లాడుతుంది. అమెరికాలో పాతరకం ఎనలాగ్ సెల్‌ఫోన్ వ్యవస్థని 2008లో ఎత్తేశారు. దానితో బాటే, మొదటి తరం ఆన్‌స్టార్ కార్లు బోలెడన్ని మూగబోయాయి. కార్లకి ఏ జబ్బూ లేదు, ఇంజను వుంది, ఫోను వుంది, అవతల వినేవాడు లేడు. తర్వాత 2జి, ఆ తర్వాత 3జి కూడా అక్కడి పెద్ద కంపెనీలు మూసేశాయి, మూసేసిన ప్రతిసారీ కొన్ని పెట్టెలు మూగబోయాయి. కారు ఇరవయ్యేళ్ళు నడుస్తుంది, ఫోన్ కంపెనీవాడి మాట పదేళ్ళు నిలవడం గగనం.

మనదేశంలో మొట్టమొదటి సెల్‌ఫోన్ పిలుపు 1995 జూలై 31న కలకత్తానించి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రాంకి చేసినది. అప్పట్లో మనుషులు మాట్లాడుకోవడమే ఖరీదు, ఇంక కార్ల మాట చెప్పాలా! సెల్‌ఫోన్ చవకయ్యాక, చిన్న సిమ్‌కార్డు పెట్టిన అలారం పెట్టెలు వచ్చాయి. ఎవడైనా బండి కుదిపితే సైరను మోగకుండా మీ ఫోనుకి ఒక పొట్టిసందేశం వస్తుంది. అక్షాంశం, రేఖాంశం కలిపి ఇరవై అంకెలు. ఒక సందేశంలో 160 అక్షరాలు పడతాయి గనక చోటుకి లోటు లేదు. రష్యాలో ఈ రకం అలారాలు మహా విస్తారంగా అమ్ముడయ్యాయి. అక్కడ ఇంకో వుపయోగం కూడా వుంది. చలికాలంలో గడ్డకట్టిన కారు ఇంజనుని ఇంట్లో దుప్పటి కిందనించే ఫోనుతో స్టార్ట్ చేసుకోవచ్చు. కారు నేలమాళిగలో వుండి ఆకాశం కనపడకపోతే, ఏ సెల్‌ఫోన్ టవర్లు అందుతున్నాయో చూసి వుజ్జాయింపుగా చోటు చెప్తుంది పెట్టె. కొన్ని రోజుకొక్కసారే కళ్ళు తెరిచి, "ఇక్కడున్నాను" అని చెప్పి మళ్ళీ నిద్రపోతాయి, అలాగైతే బ్యాటరీ ఏళ్ళతరబడి వస్తుంది, వెతికేవాడికీ దొరకదు. మళ్ళీ లోజాక్ కుంభకర్ణుడే! మన దగ్గర బస్సులకీ టాక్సీలకీ ఇలాంటి పెట్టెనీ, ప్రయాణీకులకి ఆపదవేళ నొక్కడానికి మీటనీ కొత్తగా వచ్చే బళ్ళన్నిటిలో 2019 జనవరినించి తప్పనిసరి చేశారు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత మొదలైన ఆలోచన అది. దొంగలకోసం పుట్టిన యంత్రం ఆడపిల్లల కాపలాకి వచ్చిందన్నమాట.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఉపగ్రహం సంకేతం నేలకి చేరేసరికి అతి బలహీనంగా వుంటుంది. సిగరెట్ లైటరు సాకెట్లో దూర్చే చిన్న జామరు ఒకటి పెడితే చాలు, ఆ రొదలో గంట వినపడదు. 2012లో అమెరికాలో నెవార్క్ విమానాశ్రయంలో, విమానాలు దిగడానికి సాయపడే కొత్త జి.పి.ఎస్. యంత్రం తికమకపడింది. అధికారులు వెతగ్గా వెతగ్గా ఒక ట్రక్కు దొరికింది. ఆ డ్రైవరు దొంగ కాడు. ట్రక్కు కంపెనీది. తను ఎక్కడ తిరుగుతున్నాడో యజమానికి తెలియకుండా వుండాలని జామరు పెట్టుకున్నాడు, పాపం. దాదాపు 32 వేల డాలర్లు జరిమానా పడింది. విమానాలకి అడ్డం రావడం తప్పే, సందేహం లేదు. కానీ కారు దొంగని పట్టడానికి తయారైన పెట్టె ఆ మనిషి విషయంలో పట్టుకుంటున్నది కారునా, మనిషినా?

అదే ఏడు జనవరి 23న ఆ దేశపు సుప్రీంకోర్టు ఇలాంటి ప్రశ్నకే జవాబు చెప్పవలసి వచ్చింది. వాషింగ్టన్‌లో ఒక నైట్‌క్లబ్బు యజమాని మీద మాదకద్రవ్యాల అనుమానం. పోలీసులు వారంటు తీసుకున్నారు. పదిరోజుల్లో, వాషింగ్టన్ నగరం లోపల, పెట్టె పెట్టాలని దాని షరతు. వీళ్ళు పదకొండో రోజున, పక్కరాష్ట్రంలో, అతని భార్య పేరున వున్న జీపు కింద జి.పి.ఎస్. పెట్టె అంటించారు. 28 రోజులు వెంబడించారు. మధ్యలో బ్యాటరీ అయిపోతే ఇంకోచోట కారు ఆగినప్పుడు వెళ్ళి మార్చొచ్చారు కూడా! రెండువేల పుటల సమాచారం పోగైంది. ఇది చెల్లదని తొమ్మండుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు, కారణాలు మాత్రం తలో రకంగా చెప్పారు. పూర్వపు గుర్రబ్బండిలో ఒక పోలీసు దాక్కుని యజమాని తిరుగుళ్ళు రాసుకున్నట్టే ఇదీ అని ఒక న్యాయమూర్తి పోలిక తెచ్చారు. అలా దాక్కోవాలంటే బండి మహా పెద్దదన్నా అయ్యుండాలి, పోలీసు మరీ పొట్టివాడన్నా అయ్యుండాలి అని ఇంకో న్యాయమూర్తి చమత్కరించారు. ఆ పొట్టి పోలీసు ఇప్పుడు మన కారులో వున్నాడు. మనమే డబ్బిచ్చి కూర్చోబెట్టుకున్నాం. ఇది మంచిదే, దొంగలు పడ్డప్పుడు. తక్కిన రోజుల్లో అతగాడు ఎవరికి జీతగాడు?

దీనికి ఇంకో వైపు 2019 మార్చిలో తేలింది. ఇంగ్లండులో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అని ఒక సంస్థ వుంది. తాళాలు తయారుచేసినవాళ్ళ డాబు ఎంతవరకు నిజమో విప్పి చూడ్డం వాళ్ళ వృత్తి. వాళ్ళు ఫోనుతో నడిచే రెండురకాల కారు అలారాలు తీసుకున్నారు. ఒకటి రష్యావారి "పండోరా". రెండోది మన ఇస్సాగారు ఒకప్పుడు గొంతు అరువిచ్చిన "వైపరే". గ్రీకుల కథలో తెరవద్దన్న పాత్ర తెరిచి లోకంమీదికి కష్టాలన్నీ వదిలినావిడ పేరు పండోరా. ఆ పేరు పెట్టుకున్న కంపెనీ, మా పెట్టెని ఎవరూ తెరవలేరని తన ప్రకటనలో రాసుకుంది. వీళ్ళు తెరిచారు. అలారంలో లోపం లేదు, కార్లో లోపం లేదు. కార్లన్నీ కబుర్లు పంపే కంపెనీ కంప్యూటరు, అడిగినవాడు ఎవడో సరిగా చూసుకోకుండా, ఎవరి ఖాతాకైనా ఈమెయిలు చిరునామా మార్చనిచ్చేది. చిరునామా మారితే కొత్త సంకేతపదం కొత్తవాడికి వస్తుంది. అంతే, కారు వాడిదే. ఆ రెండు కంపెనీలవీ కలిపి సుమారు 30 లక్షల బళ్ళు ఆ అపాయంలో వున్నాయని వాళ్ళ అంచనా. తెలియజెప్పిన కొద్దిరోజుల్లోనే కంపెనీలు లోపం సరిదిద్దుకున్నాయి. ఎవరూ తెరవలేరన్న ముక్క ప్రకటనలోంచి మాయమైంది.

దొంగ ఎలా చెయ్యగలిగేవాడో కూడా వాళ్ళు చేసి చూపించారు. రోడ్డుమీద పోతున్న మంచి ఖరీదైన కారుని ఫోనులో చూసుకుంటూ వెనకాలే మరో కారులో వెళ్ళారు. నిర్జనమైన చోటు రాగానే ఫోనులో ఒక మీట నొక్కారు. ముందు కారులో సైరను మోగింది. ఏమైందో చూద్దామని డ్రైవరు బండి పక్కకి తీసి ఆపాడు. రెండో మీట నొక్కారు. ఇంజను మళ్ళీ స్టార్ట్ కాకుండా బిగుసుకుంది. మూడో మీటకి తలుపుల తాళాలు వూడిపోయాయి. సైరను మాత్రం ఇంకా మోగుతూనే వుంది.